భయపడాల్సిందేమీ లేదని రాయించాను

మా వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా పక్కింటి కిటికీ. నడుమ ఉన్న సందులో మనిషి పక్కకు తిరిగి నడవాలి, అంతే జాగా. ముందు గదుల దగ్గర మాత్రం రెండిళ్లకూ గోడ ఒకటే. ముప్పై ఏళ్లుగా ఆ కిటికీలోంచి నాకు వినిపించినవి గిన్నెల చప్పుళ్లూ, దగ్గులూ, ఉర్దూలో కోపతాపాలూ. ఆ ఇంటికి కోడలు వచ్చినప్పటి నుంచి మాత్రం పొద్దున ఏడు కొట్టగానే ఫ్రెంచి పాఠం వినిపిస్తోంది.

కోడలు హైదరాబాదు పిల్ల. పెళ్లికి ముందు అక్కడ ఒక కాలేజీలో ఫ్రెంచి చెప్పేదట. మా నారాయణఖేడ్‌లో ఆ భాషతో ఎవరికి పని? ఇక్కడ తెలుగు, కాస్త ఉర్దూ, సంతలో నాలుగు కన్నడం మాటలు వస్తే బతుకు గడిచిపోతుంది. అందుకని ఆ పిల్ల ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, ఎక్కడెక్కడో ఉన్న ఇంటర్ పిల్లలకు చెబుతుంది. మార్కులు బాగా పడతాయని వాళ్లు ఆ భాష తీసుకుంటారట.

ఆ వేళకు నేను జొన్నరొట్టె చేసుకుంటుంటాను. ఒకటి పొద్దటికి, ఒకటి మాపటికి. ఇంట్లో ఇంకో గొంతు లేనిదాన్ని. బయట ఏ గొంతు వినిపించినా చెవి అటే పోతుంది. కూరగాయల బండి మైకైనా సరే, వీధి మలుపు తిరిగేదాకా వింటాను. అలా ఆ పాఠాలు వినీ వినీ, అక్షరం రాకపోయినా ఒక పాఠం మాత్రం నాకు నోటికి వచ్చేసింది. కొత్త పిల్లలు చేరినప్పుడల్లా, పరీక్షలు దగ్గర పడినప్పుడల్లా ఆ పాఠం మళ్లీ వచ్చేది. కారణం ఎలా చెప్పాలి అనే పాఠం.

మనకు ‘వల్ల’ ఉంది, ‘అందుకే’ ఉంది, చాలావరకు పని జరిగిపోతుంది. వాళ్లకు అలా కుదరదట. మంచి జరిగితే ‘గ్రాస్ ఆ’ అనాలి, మీ దయ వల్ల అన్నట్టు. చెడు జరిగితే ‘ఆ కోజ్ ద్’. ఏదైనా లేకపోవడం వల్ల జరిగితే ‘ఫోత్ ద్’. వాన లేక పంట పోయింది, మందు లేక మనిషి పోయాడు, అలాంటి వాటికి. పెద్దవాళ్లకు కాగితం రాసేటప్పుడు ఇవి చాలవు, ఇంకా గంభీరమైన మాటలు ఉన్నాయి. అందులో ఒకటి ‘ఎతాన్ దొనే క్’. దాన్ని ఎప్పుడు వాడాలో ఆ పిల్ల ప్రతిసారీ ఒకే తీరుగా చెప్పేది. కారణం ఇద్దరికీ ముందే తెలిసి, ఇద్దరూ ఒప్పుకున్నదై, ఇక దాని మీద వాదన లేదన్నప్పుడు వాడాలట.

పిండి చేతులతో నిలబడి నేను వినేదాన్ని. నాలుగో తరగతి దాటని నాకు ఈ పాఠంతో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. మా చెల్లెలి మూలంగా పడింది.

అది నాకంటే ఐదేళ్లు చిన్నది. అమ్మ కూలికి పోతే నా చంకలోనే పెరిగింది. మాది చర్చికి పోయే ఇల్లు. నర్సు చదువు కోసం పట్నంలో సిస్టర్ల హాస్టల్లో చేరిన పిల్ల, చదువు అయిపోయాక తానూ సిస్టర్‌నే అవుతానంది. అమ్మ రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు తానే పోయి దీవించి వచ్చింది. ఇరవై ఆరేళ్ల కింద చెల్లెలిని ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే ఒక దేశానికి పంపారు. అక్కడ వాళ్లదొక చిన్న దవాఖాన ఉంది. మా చెల్లెలు కాన్పులు చేస్తుంది. ఐదేళ్లకోసారి వంతు వస్తే నెల రోజులు ఇంటికొస్తుంది. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోను చేస్తుంది. ఆ ఫోను కోసమే నాకు వారం ఒకటి ఉంటుంది. లేకపోతే సోమవారానికీ శనివారానికీ తేడా నాకెలా తెలుస్తుంది?

మా ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. పిల్లలు కలగలేదు. అమ్మ నా దగ్గరే ఉండేది, నాలుగేళ్ల కింద ఆమె కూడా పోయింది.

మొన్నటి చలికాలం చివర్లో ఒక ఆదివారం చెల్లెలు ఫోనులో చెప్పింది. తనకు అరవై నిండుతున్నాయట. దవాఖాన పని నుంచి తప్పిస్తారట. ఆ తర్వాత అక్కడే, వయసు మీద పడిన సిస్టర్లు ఉండే ఇంట్లో ఉండిపోవచ్చు, లేదా హైదరాబాదు దగ్గర వాళ్లకే ఉన్న ఇంకో ఇంటికి వచ్చేయవచ్చు. అయితే వాళ్ల పద్ధతి ఒకటి ఉంది. తన కోసం తాను ఎవరూ అడగకూడదు. ఇంటివాళ్లు రాయాలి, కారణం చెప్పాలి. అక్కడి పెద్ద సిస్టర్ చదివి నిర్ణయిస్తుంది. ఆమెకు ఫ్రెంచి తప్ప ఏ భాషా రాదు. ఉత్తరం ఈస్టరు లోపల చేరాలి.

ఆ రోజు నేను రొట్టె చేయలేదు, ఆకలి వేయలేదు. హైదరాబాదు నుంచి మా ఊరికి బస్సులో మూడు గంటలు. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నానికి ఎదురెదురుగా కూర్చోవచ్చు. మళ్లీ వారం నేనే పోవచ్చు. అంత దగ్గరలో నాకంటూ ఒక మనిషి ఉండి ఎన్నాళ్లయింది?

మర్నాడు గిన్నెలో ఉడకబెట్టిన అలసంద గుడాలు పోసుకుని పక్కింటికి పోయాను. ఆ ఇంటావిడను నేను ఆపా అని పిలుస్తాను, ఆమె నన్ను అక్కా అంటుంది. ఎవరు పెద్దో ఇద్దరికీ తెలియదు. ఆపా మంచం మీద కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది. కోడలు పాఠం ముగించి చెవుల్లోని తీగలు తీస్తోంది.

“ఒక ఉత్తరం రాయాలె బిడ్డా, నీ ఫ్రెంచిల” అన్నాను.

ఆపా అందుకుంది. “రాయించుకో అక్కా, రాయించుకో. నాతోని మాట్లాడనీకి టైము దొరకది గని, దునియా మొత్తానికి పాఠం చెప్తది.”

“మీకు గూడ ఉత్తరం రాయాల్నా అమ్మీ?” అని నవ్వింది కోడలు.

“నాకొద్దు. రొట్టె మెత్తగ చెయ్యి, అదే ఉత్తరం.”

కోడలు కాగితం తీసుకుని కారణం ఏమిటని అడిగింది. నేను చెప్పాను. ఇల్లు పెద్దది, గదులు ఖాళీగా ఉన్నాయి. అమ్మ సమాధికి రాయి వేయించాలి, పోయినసారి చెల్లెలు వచ్చినప్పుడు కుదరలేదు, అది లేకుండా వేయించడం బాగుండదు. అక్కడి ఎండలు దాని వయసుకు పడవు. చర్చిలో అందరూ దాన్ని అడుగుతుంటారు. మా బావి నీళ్లు తేలికగా ఉంటాయి, అరుగుదలకు మంచివి. ఇలా చాలా చెప్పాను. ఆ పిల్ల ఒక్కటీ రాయలేదు. కలం పట్టుకుని నా మొఖం చూస్తూ కూర్చుంది.

“ఇవి కారణాలు గావు ఖాలా. మీరు అసలు ముచ్చట సుట్టు తిరుగుతున్నరు” అంది. ఖాలా అంటే వాళ్లలో పిన్ని, నన్ను అలాగే పిలుస్తుంది.

మరి ఎలా రాయాలో తెలియాలంటే, ఆ ఇంటివాళ్లు ఎప్పుడైనా రాసిన ఉత్తరం ఉంటే తెమ్మంది. వాళ్ల మర్యాదలు, వాళ్ల వరస చూసి అదే తీరులో రాయవచ్చునట. ఒకటి ఉంది. నా పెట్టెలో, అమ్మ చీర కింద ఉంది. నాలుగేళ్లుగా దాన్ని బయటికి తీయలేదు.

ఆ ఉత్తరం సంగతి చెప్పాలంటే అమ్మ సంగతి చెప్పాలి.

ఆ ఏడు కందులు కోసే రోజుల్లో అమ్మ తిండి తగ్గించింది. మొదట రొట్టె మానింది, తర్వాత అన్నం, తర్వాత గంజి రెండు చెంచాలు. సంగారెడ్డిలో పెద్ద దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంటికి తీసుకుపోయి దగ్గర కూర్చోమ్మా అన్నాడు. తెలిసిపోయింది. మా చర్చికి వచ్చే ఒక బడి పంతులుకు ఇంగ్లీషు వచ్చు. ఆయన దగ్గరికి పోయి చెల్లెలిని పంపమని ఉత్తరం రాయించాను. ఆయన ఇంగ్లీషులో రాశాడు, హైదరాబాదులోని సిస్టర్లు దాన్ని ఫ్రెంచిలోకి మార్చి పంపారు. నేను చెప్పింది చెప్పినట్టే పోయింది. అందులో ఎవరి తప్పూ లేదు.

నేను చెప్పిందేమిటి? అమ్మకు కొంచెం నలతగా ఉంది, చిన్నబిడ్డను ఒకసారి పంపిస్తే చూసి సంతోషపడుతుంది, భయపడాల్సిందేమీ లేదు అని.

మా దగ్గర ఇలాగే చెబుతారు. బతికున్న మనిషిని పోతుందని నోటితో అంటే ఆ మాటే ముందు నడుస్తుందని భయం. పోయిన మనిషిని కూడా పోయిందని అనరు. పానం జర బాగలేదు, ఒకసారి వచ్చిపొమ్మంటారు. ఖేడ్‌లో గానీ, కల్హేర్‌లో గానీ, కంగ్టిలో గానీ ఆ మాట విన్నవాళ్లు ఇంకో ప్రశ్న వేయరు. మూడు రోజుల బట్టలు మూట కట్టుకుని బస్సెక్కుతారు.

నాకూ అలాగే చెప్పారు. మా ఆయన జహీరాబాదు వైపు చెరుకు లారీల దగ్గర హమాలీ పనికి పోయేవాడు. ఒక పొద్దున ఇద్దరు మనుషులు వచ్చి గడప బయట నిలబడ్డారు. అన్నకు జర సుస్తయింది వదినా, జల్దీ రా అన్నారు. నేను పిండి మీద మూత పెట్టాను, పొయ్యి ఆర్పాను, బట్టలు కట్టుకున్నాను. దారి పొడుగునా ఆ ఇద్దరూ కందుల ధర గురించి, రోడ్డు గుంతల గురించి మాట్లాడారు. నేనూ మాట్లాడాను. నాకు తెలుసు, నాకు తెలుసని వాళ్లకూ తెలుసు. అయినా బస్సు దిగేదాకా మా ఆయన నాకు బతికే ఉన్నాడు. ఆ గంటన్నర ఆ మనుషులు నాకు దయతో ఇచ్చింది. ఈ పద్ధతిని నేను ఇప్పటికీ తప్పనను.

అందుకే ఉత్తరం అలా రాయించాను. నలత అన్న మాట చదవగానే పంపేస్తారనుకున్నాను. ఆదివారం ఫోనులో చెల్లెలు అడిగింది, నిజం చెప్పు అక్కా, అమ్మ మంచిగనే ఉందా అని. ఫోను నా చెవి దగ్గర ఉంది, అమ్మ నా ఎదురుగా మంచంలో ఉంది. అమ్మ చెయ్యి కొంచెం ఎత్తి, చెప్పొద్దని ఊపింది. మంచిగనే ఉంది, పండుకుంది అన్నాను.

చెల్లెలు రాలేదు. అమ్మ పోయింది. ఆ మాట కూడా ఫోనులో, అమ్మకు జర ఎక్కువైందనే చెప్పాను. అటు నుంచి ఏడుపు వినిపించింది. పదకొండు రోజుల తర్వాత పెద్ద సిస్టర్ జవాబు వచ్చింది. కవరు చింపి చూస్తే ఒక్క ముక్క తెలియదు. ఇంకెందుకు చదివించడం? పెట్టెలో పడేశాను.

అప్పటి నుంచి నాలుగేళ్లు ఆ పెద్ద సిస్టర్‌ను తిట్టుకుంటూ బతికాను. రాతి గుండె మనిషి, తల్లి చావుకు బిడ్డను పంపలేదు అని చర్చిలో చెప్పాను, సంతలో చెప్పాను, బస్సులో పక్కన కూర్చున్న కొత్త మనుషులకు కూడా చెప్పాను. ఒంటరిగా ఉన్న మనిషికి కోపం కూడా ఒక తోడు. పొద్దున లేవగానే పక్కనే ఉంటుంది.

ఆ ఉత్తరం తెచ్చి కోడలి చేతికి ఇచ్చాను. ఆ పిల్ల మొదట తనలో తాను చదువుకుంది. తర్వాత వాళ్ల పిలుపులు, మర్యాదలు ఎలా ఉన్నాయో నాకు వినిపించాలని పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యంలో ఒక మాట నా చెవికి తగిలింది. ఎతాన్ దొనే క్. కిటికీలోంచి వందసార్లు విన్న మాట. ఇద్దరూ ఒప్పుకున్న కారణానికి వాడేది. నేను, పెద్ద సిస్టర్ కలిసి ఏం ఒప్పుకున్నాం?

“ఆడ ఏం రాసింది బిడ్డా?”

కోడలు కాగితం మడవబోయి మళ్లీ విప్పింది. తర్వాత తెలుగులో మెల్లగా చెప్పింది. అమ్మగారి అనారోగ్యం స్వల్పమైనదనీ, భయపడాల్సిందేమీ లేదనీ మీరే తెలియజేసినందున, సిస్టర్‌ను వచ్చే సంవత్సరం ఆమె వంతు వచ్చినప్పుడు పంపుతాము. ఒకవేళ ప్రాణానికి అపాయం ఉన్నదని ఒక్క మాట రాసినా, ఆ రోజే బయల్దేరదీస్తాము.

మళ్లీ చదవమన్నాను. మళ్లీ చదివింది. ఆపా తస్బీ ఆగిపోయింది.

“ఆమెకెట్ల తెలుస్తది ఖాలా?” అంది కోడలు. “మీరు నాకు చెప్తే మీ మొఖం సూసి నాకు సమజయితది. కాయితానికి మొఖం ఉండది గద.”

గిన్నె అక్కడే మరచి ఇంటికి వచ్చేశాను. ఎనిమిది రోజులు వంటింటి కిటికీ తెరవలేదు. కిటికీ మూసినా పాఠం గొణుగుడులా వస్తూనే ఉండేది. మాటలు తెలియవు గానీ, ఆ పిల్ల గొంతు ఎక్కడ ఎత్తుతుందో ఎక్కడ దించుతుందో తెలుస్తుంది. నాకు కోపం పెట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. పెద్ద సిస్టర్ మంచి మనిషి అని తేలిపోయింది. ఒక్క మాట చాలునంది. ఆ ఒక్క మాట నా నోట్లో ఉండి రాలేదు. ఆ ఎనిమిది రోజుల్లో ఆదివారం ఒకటి వచ్చింది. చెల్లెలు ఫోను చేసి ఉత్తరం పంపావా అని అడగలేదు. ఆమె అడగకూడదు కదా. నేనూ చెప్పలేదు. వాన పడిందా, పడలేదు, తిన్నావా, తిన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

తొమ్మిదో రోజు కోడలే వచ్చింది, నా గిన్నె తోమి తీసుకుని. వెనకాలే ఆపా, మోకాళ్లు పట్టుకుని గడప ఎక్కింది. ఆమె మా ఇంట్లో అడుగు పెట్టి ఏడాది దాటి ఉంటుంది. ఈస్టరు దగ్గర పడుతోంది, రాయాలంటే ఇప్పుడే రాయాలి ఖాలా అంది కోడలు.

కూర్చోబెట్టాను. చాయ్ పెట్టాను. చాయ్ చల్లారాక చెప్పాను. అమ్మ పోతుందని నాకు తెలుసు, తెలిసే నలత అని రాయించాను, మీ మీద నాలుగేళ్లు కోపం పెట్టుకున్నాను, పెద్ద సిస్టర్‌కు అది ముందు రాయి అన్నాను. ఆ పిల్ల రాసింది.

“ఇప్పుడు కారణం చెప్పున్రి.”

“నాకెవ్వరూ లేరు” అన్నాను. “పొద్దున లేస్తే మాపటిదాంక నా నోట్లె మాట నా నోట్లెనే ఉంటది. సచ్చిపోతె ఎన్నో దినానికి తెలుస్తదో నాకు తెల్వది. అందుకే నా చెల్లె కావాలె. గంతే, ఇంకేం కారణం లేదు.”

ఇలాంటి మాట నేను పుట్టి బుద్ధెరిగి అనలేదు. నాకెవరూ లేరని అంటే ఇరుగుపొరుగును అవమానించినట్టే. కోడలి కలం కదులుతోంది గానీ ఆపా నన్నే చూస్తోంది.

“ముప్పై ఏండ్ల సంది గోడ అవతల ఉన్న. నేను మనిషిని గానా?” అంది.

“నీకు నీ ఇల్లున్నది ఆపా.”

“ఎన్నడన్న గోడ కొట్టినవా? నువ్వు కొట్టకుంటె నాకేం కల పడ్తదా?”

ఆమె మాట నిజమే, నా మాటా నిజమే. కోడలు తల ఎత్తకుండా, ఈ వాక్యానికి ఏ మాట పెట్టాలా అని చూస్తున్నాను ఖాలా అంది. ‘లేక’ అని చెప్పేది పెట్టు బిడ్డా, మనిషి లేక అని, అన్నాను. ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసి, మీరు కూడా నా క్లాసులో ఉన్నారని నాకు తెలియదు అంది. ముగ్గురం కొంచెం నవ్వాం.

ఉత్తరం పోయింది. ఎండలు ముదిరాక జవాబు వచ్చింది. కోడలు గుమ్మంలోనే నిలబడి చదివేసింది. పెద్ద సిస్టర్ అమ్మ పేరున పూజ చేయించిందట. దాపరికం లేకుండా రాసినందుకు కృతజ్ఞతలట. మీరు చెప్పిన కారణం చాలా గట్టిది, నా వైపు నుంచి అడ్డు లేదు, ఈసారి నిర్ణయం సిస్టర్‌కే వదిలేస్తున్నాను, పద్ధతి కాకపోయినా ఆమెనే అడుగుతాను అని రాసింది.

అడ్డు లేదు అన్న మాట ఒక్కటే నా చెవికెక్కింది. తూర్పు గదికి సున్నం వేయించాను. డిపో దగ్గరికి పోయి హైదరాబాదు బస్సుల వేళలు అడిగి, గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. చర్చిలో మాత్రం ఎవరికీ చెప్పలేదు, ముందే చెబితే దిష్టి తగులుతుందని. ఆపాకు చెప్పాను. వస్తే ఇగ నా గోడ దిక్కు చూడవు తియ్ అంది.

ఆదివారం ఫోను మోగింది.

“నీ ఉత్తరం పెద్ద సిస్టర్ నాకు చదివి వినిపించింది అక్కా” అంది చెల్లెలు. “నేను వస్తలేను.”

అదే చెప్పుకుపోయింది. తాను పురుడు పోసిన ఆడపిల్లలకు ఇప్పుడు పిల్లలు పుడుతున్నారట, వాళ్లకూ తానే పోస్తోందట. దవాఖాన నుంచి తప్పించినా వాళ్లు ఇంటికే వస్తారట. అక్కడి నేలలోనే పోవాలని తన కోరిక అట. చెల్లెలికి ఏం కావాలో నేను ఒక్కసారీ అడగలేదన్న సంగతి అప్పుడు తోచింది నాకు.

“నీ కోసం ఒక అబద్ధం చెప్పొచ్చు అక్కా. పానం బాగలేదు, డాక్టరు వద్దన్నడు అనొచ్చు” అంది. “నువ్వు ఉన్నదున్నట్టు రాసినవు. అందుకే నేను గూడ ఉన్నదున్నట్టు చెప్తున్న. నాకు ఈడ ఇష్టం.”

మంచిదే, నాకేమయింది, నేను బాగనే ఉన్నా అనే మాట నా నోటి చివర తయారుగా ఉంది. అరవై ఏళ్ల అలవాటు. దాన్ని మింగేశాను.

“నాకు బాధయితుంది చెల్లె” అన్నాను.

“అయితది” అంది. “నాకూ అయితుంది.”

ఆ తర్వాత అమ్మ సంగతి అదే ఎత్తింది. నాలుగేళ్ల కింద పెద్ద సిస్టర్ తనను పిలిచి, మీ అమ్మకు కొంచెం నలత, భయం లేదట అని చెప్పినప్పుడే తనకు అర్థమైందట. మన ఇంటి మాట నాకు తెలియదా అక్కా అంది. మరి చెప్పలేకపోయావా అన్నాను.

“ఏమని చెప్పాలె? మా అక్క కాయితం మీద అబద్ధం రాసిందని చెప్పాల్నా?”

అంటే అది అక్కడ నా మాట నిలబెట్టి ఊరుకుంది. నేను ఇక్కడ దాని గుండె నిలబెట్టాలని ఊరుకున్నాను. అమ్మ ఇద్దరి నడుమ చెయ్యి ఊపి ఊరుకుంది.

“అమ్మ నన్ను అడిగిందా?” అంది.

ఇన్నేళ్లూ దానికి చెప్పింది ఒకటే, అమ్మ నిద్రలో పోయింది, ఎవరినీ అడగలేదు అని. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాను. అడిగింది, మూడు సార్లు అడిగింది. పొద్దున ఒకసారి, అన్నం వేళకు ఒకసారి. చివరిసారి నా చెయ్యి పట్టుకుని, బస్సొచ్చిందా, చిన్నది దిగిందా అని అడిగింది. వచ్చింది అమ్మా, డిపో కాడ దిగింది, ఆటోల వస్తుంది అన్నాను. మంచిదని తల ఆడించింది. ఇంకా కాసేపు గుమ్మం వైపే చూసింది. చూస్తూనే పోయింది.

“అది గూడ అబద్ధమే చెప్పిన చెల్లె” అన్నాను.

అటు వైపు వాళ్ల తర్వాతి ప్రార్థన గంట మోగడం వినిపించింది. అది మోగితే ఫోను పెట్టేయాలి.

“ఆ ఒక్కటి మంచిగ చెప్పినవు అక్కా” అంది, పెట్టేసింది.

నేను ఫోను ఒళ్లో పెట్టుకుని ఉన్నాను. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. పక్కింట్లో ఆదివారం పాఠం ఉండదు. లేచి, ఎన్నడూ చేయని పని చేశాను. పోయి ఆపా వాళ్ల వైపు గోడ మీద అరచేత్తో రెండుసార్లు కొట్టాను. ఎవరూ పలకలేదు. ఆ వేళకు వాళ్లందరూ ఏదో పెళ్లికి పోయారని సాయంత్రం తెలిసింది.